ఒడ్డుకు రాని ఓడ, ఒడ్డు దాటిన గుడ్డ

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని పెద్దలు అడిగినారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ముప్పై ఏళ్ళకు పైగా చేనేత సొసైటీ సెక్రటరీగా లెక్కలు రాసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారిలోనే పోతాను. సరుకు ఎక్కడ తయారైంది, ఎవరి చేతిమీదుగా పోయింది, దారిలో ఏమైంది, డబ్బు ఎప్పుడు వచ్చింది. ఈ నాలుగూ అడిగితే మద్రాసు రేవు చరిత్ర కూడా మన సొసైటీ స్టాకు పుస్తకం మాదిరే అర్థమవుతుంది.

ఇప్పుడు చెన్నై హార్బర్‌లో క్రేన్లు, కంటైనర్లు చూసినవాళ్ళు మొదటినుంచీ అది అట్లే ఉందనుకుంటారు. కాదు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1639లో అక్కడ స్థలం తీసుకున్న నాటినుంచి 1880ల దాకా, అంటే సుమారు 240 ఏళ్ళు, మద్రాసులో ఓడ దాగడానికి చోటే లేదు. ఉన్నది లంగరు రేవు మాత్రమే. అంటే ఓడ ఒడ్డుకు రాదు. మైలు, రెండు మైళ్ళ దూరాన లోతు నీళ్ళలో లంగరు దించుకుని నిలబడుతుంది. మనిషి గానీ, మూట గానీ, ఉత్తరం గానీ చిన్న పడవలో అలలు దాటి పోవాల్సిందే, రావాల్సిందే.

ఆ తీరం పడుగు చాపినట్టు తిన్నగా ఉంటుంది. ఒక వంపు లేదు, గాలికి అడ్డంగా ఒక కొండ లేదు, దీవి లేదు. కూవం నది ఉన్నా దాని ముఖద్వారం ఏడాదిలో చాలా నెలలు ఇసుకతో మూసుకుపోయి ఉంటుంది. పైగా ఒడ్డు దగ్గర అలలు ఒకదాని వెనక ఒకటి మూడు వరసలుగా విరుగుతాయి. ఓడ నడిపేవాణ్ణి అడిగితే ఇంతకన్నా చెడ్డ రేవు చూపించలేడు.

మరి అక్కడే ఎందుకు పెట్టినారు? మన పిల్లలు తెలుసుకోవాల్సింది ఇదే.

ఇంగ్లీషువాళ్ళకు అప్పటికే మచిలీపట్నంలో 1611 నుంచి గిడ్డంగి ఉంది. 1626లో నెల్లూరు సీమలో దుర్గరాజుపట్నంలో ఇంకొక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ కాగితాల్లో దాన్ని ఆర్మగాన్ అంటారు. అక్కడ సముద్రంలో ఒక ఇసుక మేట ఉంది. దాని వెనకాల ఓడ కొంచెం నిమ్మళంగా నిలబడుతుంది. రేవుగా చూస్తే మద్రాసు కన్నా అదే మేలు. కానీ అక్కడ వాళ్ళకు కావలసినంత గుడ్డ, కావలసిన ధరకు దొరకలేదు. అందుకని ఫ్రాన్సిస్ డే అనే అధికారి దక్షిణంగా వెతుక్కుంటూ పోయినాడు. దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం స్థలం తీసుకున్నాడు. ఆ నాయకుడూ తెలుగువాడే. అక్కడ లాంగ్‌క్లాత్ బ్రహ్మాండంగా ఉంది, ఇంకెక్కడికన్నా నూటికి ఇరవై వంతు చవక అన్నది కంపెనీవాళ్ళు తమ పైవాళ్ళకు చెప్పుకున్న కారణం. అలల సంగతి వాళ్ళకు కనపడలేదని కాదు. కనపడినా గుడ్డ కోసం ఒప్పుకున్నారు.

అంటే ఏమి? ఆ పక్కల ఊళ్ళలో మగ్గాలు ముందే ఉన్నాయి. విజయనగరం రాజుల కాలం నుంచే తెలుగు నేతగాళ్ళు అరవదేశంలోకి దిగి ఊళ్ళు కట్టుకుని ఉన్నారు. రేవు ఉందని మగ్గం రాలేదు, మగ్గం ఉందని రేవు వచ్చింది. "పట్నానికి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినాం" అని మనవాళ్ళు తల వంచుకుని చెప్పేటప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. తరవాత వచ్చినవాళ్ళు కూడా చాలామంది పిలిస్తే వచ్చినవాళ్ళే. గవర్నర్ కాలెట్ కాలంలో, 1717 – 1720 మధ్య, తిరువొత్తియూరు దగ్గర నేతపనివాళ్ళకు ఒక పేట కట్టించినారు. కాలెట్ పేట అన్నది నోళ్ళలో నలిగి కాలడిపేట అయింది. 1734లో కూవం వంపులో సుంకురామ శెట్టి తోట ఉన్న చోట చింతాద్రిపేట పెట్టినారు. అరవంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట, అదే చింతాద్రిపేట. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, అద్దకంవాళ్ళు, చలవ చేసేవాళ్ళు అక్కడ ఉండాలని చెట్ల నీడ ఉన్న జాగా చూసి మరీ ఇచ్చినారు. పడుగు చేయడానికి నీడ ఎంత ముఖ్యమో మన ఇళ్ళలో వేరే చెప్పాలా? గుడ్డలు ఉతికి చలవ చేసేవాళ్ళ పేటే ఈనాటి వాషర్‌మెన్‌పేట. ఆ పేరు విని అది ఊళ్ళో చాకిరేవు అనుకుంటారు. అది కంపెనీ గుడ్డల చలవ.

ఇప్పుడు పని ఎట్లా జరిగేదో చెబుతాను.

ఓడ కనబడగానే కోటలో జెండా లేస్తుంది. మొట్టమొదట ఓడ దగ్గరకు పోయేది తెప్ప. రెండు మూడు దుంగలు తాడుతో కట్టిందే తెప్ప, అంతకు మించి ఏమీ లేదు. దాన్నే అరవంలో కట్టుమరం అంటారు. దొరలు ఆ మాటనే కట్టమరాన్ అని ప్రపంచమంతా మోసుకుపోయినారు. అలల్లో మనిషి మొత్తం మునిగి లేస్తాడు గదా, మరి ఉత్తరాలు తడవకుండా ఎట్లా? తెప్పవాడు ఆకుతో అల్లిన మొనదేలిన టోపీలో ఉత్తరం పెట్టి నెత్తిన బిగించుకునేవాడు. ఒంటిమీద గోచి, నెత్తిమీద కంపెనీవారి రహస్యాలు.

సరుకుకు, మనుషులకు మసూలా పడవ. ఇది మన నేతవాళ్ళు మెచ్చుకోదగ్గ వస్తువు. దీనికి మేకు లేదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసినారు. లోపల గట్టి చట్రం కూడా ఉండదు. అడుగు బల్లపరుపు. మేకులు కొట్టిన దొరల పడవ ఆ అలల్లో ఒడ్డుకు కొట్టుకుంటే పలకలు పగిలిపోతాయి. కుట్టిన పడవ మాత్రం వంగుతుంది, సాగుతుంది, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. గంజి ఎక్కువైన నూలు పుటుక్కుమంటుంది, తగుపాటి గంజి పెట్టిన నూలు లాగుడు ఓర్చుకుంటుంది. అదే కిటుకు. సుమారు ముప్పై, ముప్పై అయిదు అడుగుల పొడవు. చాలా ఎత్తు అంచులు. పది పన్నెండు మంది తెడ్లు వేస్తారు. ఆ తెడ్లు కూడా ఏమంటే, పొడుగాటి కర్ర చివర గుండ్రటి పలక కట్టిందే. వెనకాల నిలబడి పెద్ద తెడ్డుతో దారి చూపేవాడు తండేలు. అందరూ పాట పాడుతూ ఒక్క లెక్కన తెడ్డు వేస్తారు.

అల విరిగే చోటికి వచ్చేసరికి తండేలు పడవను ఆపుతాడు. వెనక అల చూస్తాడు. పెద్ద అల వచ్చి కిందికి పోయేదాకా ఓపిక పట్టి, సరైన అల మీద అరుపు అరిస్తే అందరూ ప్రాణం పెట్టి తెడ్లు వేస్తారు. అల పడవను ఎత్తుకుని ఇసుక మీద దించుతుంది. ఒక్క క్షణం తప్పితే పడవ అడ్డం తిరిగి బోల్తా. అందుకే దొరలు ఎక్కిన పడవ పక్కన తెప్పలు పోతూ ఉండేవి, పడితే తీయడానికి. ప్రాణం కాపాడిన తెప్పవాళ్ళకు మెడళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు. అలలు మరీ ఉగ్రంగా ఉన్న రోజు ఒడ్డున జెండా ఎత్తి ఓడలవాళ్ళకు చెప్పేవారు, ఈ పూట పడవలు దింపవద్దు అని. ఆ రోజు రేవు మూసినట్టే లెక్క. ఇదంతా చూసుకోవడానికి మాస్టర్ అటెండెంట్ అని ఒక అధికారి ఉండేవాడు. ఏ ఓడ ఎక్కడ నిలవాలి, ఎవరికి ఎన్ని పడవలు, అన్నీ ఆయనే.

గుడ్డ దారి దీనికి ఎదురు. నేతగాడి దగ్గర నుంచి వర్తకుడు, వర్తకుడి దగ్గర నుంచి కోటలో గోదాము. అక్కడ సార్టింగు. పుంజాల లెక్క, పొడుగు, వెడల్పు, నేత చూసి ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని విడదీస్తారు. రకం తగ్గితే ధర తగ్గుతుంది. పనికిరాదంటే వాపసు. మన సొసైటీలో క్వాలిటీ చూసే గుమాస్తా మీద మీరంతా విసుక్కుంటారే, వాడి తాతలు కోటలో ఉండేవాళ్ళు. ఆ తరవాత బేలు కట్టి, సముద్రం వైపు గేటు దాటించి, కూలీల నెత్తిన ఇసుక మీదికి, అక్కడినుంచి పడవలోకి. ఆ గేటు ముందర నల్లరాతి స్తంభాల మంటపం ఉండేది, వర్తకులు అక్కడ కలిసేవాళ్ళు. 1746లో మద్రాసు ఫ్రెంచివాళ్ళ చేతికి చిక్కిన తరవాత ఆ స్తంభాలను పాండిచ్చేరికి ఎత్తుకుపోయినారు. తరవాత ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరిని కొట్టి మళ్ళీ తెచ్చుకున్నారు. రాతి స్తంభాలను కూడా ఆ అలల్లోనే ఎక్కించి దించినారంటే ఆ పడవవాళ్ళకు దండం పెట్టాలి.

బేలు కట్టినవాళ్ళకు తెలుసు, గుడ్డకు మొదటి శత్రువు తడి. ఉప్పునీళ్ళు తగిలిన బేలు లోపల ఎట్లా ఆవిరి పట్టి మచ్చలు వేస్తుందో చెప్పనక్కరలేదు. ఆరు నెలలు ఓడ అడుగున ఉండే సరుకు అది. ఊళ్ళో నేసి, చలవ చేసి, ఇస్త్రీ చేసి, ఎంత కాపాడినా, చివరికి ఆ ఒక్క మైలు నీళ్ళలోనే దాని రాత తేలేది. వేల మైళ్ళ ప్రయాణంలో ఆ ఒక్క మైలే ఎక్కువ భయం.

సముద్రం ఒక క్యాలెండరు కూడా పెట్టింది. అక్టోబరు 15 వచ్చేసరికి కోటలో జెండా కొయ్య దించేసేవారు. డిసెంబరు 15 దాకా మళ్ళీ ఎత్తరు. ఈశాన్య రుతుపవనం కాలం గదా, ఆ రెండు నెలలు ఏ ఓడా మద్రాసు ముందర నిలవకూడదని దానర్థం. ఓడలు తిరుకోణమలైకో, బొంబాయికో పోయి దాక్కునేవి. ఎందుకంటే ఈశాన్యం గాలి, తూర్పు గాలి ఓడను ఒడ్డు వైపే నెడుతుంది. లంగరు తాడు తెగితే నేరుగా ఇసుకే. గాలి పెరిగే సూచన కనపడితే లంగరు తాడు నరికేసి నడిసముద్రంలోకి పారిపోవడమే దారి. ఆలోచన చేసిన ఓడ పోయినట్టే.

1746 అక్టోబరులో అదే జరిగింది. మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనే ఓడలు ఇంకా రేవులోనే ఉన్నాయి. రాత్రికి రాత్రి వచ్చిన తుపానులో కొన్ని మునిగిపోయినాయి, కొన్ని కొయ్యలు విరిగి మోడులైనాయి. ఎవరి ఫిరంగీ చేయలేని పని గాలి చేసింది. 1782 అక్టోబరు తుపాను ఇంకా కష్టమైనది. హైదర్ అలీ యుద్ధం వల్ల పట్నంలో తిండి లేదు, జనం ఊళ్ళనుంచి పారిపోయి వచ్చి ఉన్నారు. బియ్యంతో వచ్చిన నాటు ఓడలు రేవులో నిలబడి ఉండగా గాలి వచ్చింది. బియ్యం సముద్రం పాలు, జనం ఆకలి పాలు.

నేతగాడి ఇంట్లో ఈ క్యాలెండరు ఎట్లా పడేదో ఆలోచించండి. కంపెనీవాళ్ళు గుడ్డకు ఇచ్చే బయానా వెండి నుంచి వచ్చేది. ఆ వెండి సీమ నుంచి పెట్టెల్లో ఓడ మీద వచ్చి, అదే మసూలా పడవలో దిగి, టంకసాలలో నాణెమైతేనే వర్తకుడికి, వర్తకుడి నుంచి మగ్గానికి. ఓడ ఆలస్యమైతే బయానా లేదు, బయానా లేకపోతే నూలు లేదు. తిరుగు ఓడ లంగరు ఎత్తే తేదీ దగ్గరపడితే మాత్రం "తొందర, తొందర" అని నేతగాడి గడపలో మనిషి కూర్చుంటాడు. మా అమ్మనాన్న, అంటే మా తాత, రుమాళ్ళు నేసి పట్నం వర్తకులకు వేసేవాడు. ఆయన కాలానికి ఆవిరి ఓడలు వచ్చేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా షావుకారు అంగట్లో అడుగు పెట్టగానే నూలు ధర అడగడానికి ముందు "ఓడ వచ్చిందా?" అని అడిగేవాడట. ఓడ ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు.

రేవు చుట్టూ ఇంకా కొన్ని వసతులు వచ్చినాయి. 1796లో కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న కట్టడం నెత్తిన కొబ్బరినూనె దీపాలతో మొదటి లైట్‌హౌసు పెట్టినారు. 1844లో ఇప్పటి హైకోర్టు ఆవరణలో ఉన్న పెద్ద రాతి స్తంభం మీదికి మార్చినారు, 1894లో హైకోర్టు గోపురం మీదికి, 1977లో మెరీనాకు. పెద్దనాయకన్ పేటలో ఏడు బావుల నీళ్ళు 1772 నుంచి కోటకు పోయేవి. ఆ పెద్దనాయకుడు కూడా తెలుగువాడే, పట్నం కావలి ఆయనది. దొంగతనం జరిగితే సొత్తు ఆయనే రాబట్టాలి.

అసలైన మార్పు ఒడ్డు మీద కాదు, బేళ్ళలో వచ్చింది. 1813లో కంపెనీ గుత్త వర్తకం పోయింది, 1833లో కంపెనీ వర్తకమే మానేసింది. దాంతో నేతగాడికి బయానా ఇచ్చే చెయ్యి పోయింది. పడవలు మాత్రం ఆగలేదు. అవే మసూలా పడవలు, అదే తండేలు, అవే అలలు. వచ్చేటప్పుడు మాత్రం మాంచెస్టర్ మిల్లు గుడ్డ, మిల్లు నూలు. ఏ మైలు నీళ్ళు దాటించి మన గుడ్డను లోకానికి పంపినారో, ఆ మైలు మీదనే మన కడుపు కొట్టే సరుకు దిగింది. పడవవాడి తప్పేమీ లేదు, వాడికి బేలు బేలే. మనవాళ్ళలో మిల్లు నూలుకు మారి నిలదొక్కుకున్నవాళ్ళు ఉన్నారు, మగ్గం దించేసి రంగూనుకో, మారిషస్‌కో కూలికి పోయినవాళ్ళూ ఉన్నారు. షోలాపూరులో ఉన్న మన బంధువులు వేరే దారిన పోయినారు గానీ, అక్కడా కారణం మగ్గమే.

ఓడ ఒడ్డుకు రావాలన్న ఆలోచనే ఆలస్యంగా వచ్చింది. 1861లో సముద్రంలోకి వెయ్యి అడుగుల ఇనుప వంతెన కట్టినారు. దాని కొసన పడవలు ఆగితే అలలు దాటే పని తప్పుతుందని. గాలికి తెగిన ఓడలే దాన్ని గుద్ది విరిచినాయి. తరవాత రెండు రాతి కట్టలు సముద్రంలోకి వేసి మధ్యలో నీళ్ళను నిమ్మళంగా ఉంచాలని నిర్ణయించి, 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు చేత పునాదిరాయి వేయించినారు. కట్టలు దాదాపు పూర్తి కావచ్చినాక 1881 నవంబరు 12న తుపాను వచ్చి చాలా భాగం కూల్చేసింది. మళ్ళీ కట్టినారు. తూర్పు వైపు తెరిచిన ద్వారం మంచిది కాదని 20వ శతాబ్దం మొదట్లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దాన్ని ఈశాన్యం మూలకు మార్పించి, ఓడ పక్కకు ఆని నిలిచే గోడలు కట్టించినాడు. అప్పటికి గానీ మద్రాసు నిజంగా హార్బర్ కాలేదు.

కట్టకు ఒక ఖరీదు పడింది. ఆ తీరాన ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. రాతి కట్ట అడ్డం పడగానే దక్షిణాన ఇసుక నిలబడి మెరీనా వెడల్పైంది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఇసుక రాక సముద్రం కోసుకుంటూ పోయింది. మెరీనాలో గాలి తినేవాళ్ళకు ఇది తెలియదు, కాలడిపేట చుట్టాల్ని అడగండి.

మసూలా పడవ మెల్లగా చేపల వలకు దిగిపోయింది. కానీ మన గుడ్డ మద్రాసు పేరుతోనే లోకంలో తిరిగింది. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అంటే పడమటి ఆఫ్రికాలో పెళ్ళికీ చావుకీ కట్టే గుడ్డ. ఎనిమిది గజాల తాను. మద్రాసు చుట్టుపట్ల, చీరాల వేటపాలెం వైపు తెలుగు మగ్గాల మీద నేసినదే. అక్కడి ఆడవాళ్ళు వాసన చూసి అసలుదో నకిలీదో చెప్పేవాళ్ళట. 1950లలో అమెరికాకు పోయిన మద్రాసు గళ్ళ గుడ్డ ఉతికితే రంగు కారితే, వాళ్ళు దానికే మోజుపడి "బ్లీడింగ్ మద్రాస్" అన్నారు. మన దగ్గర అయితే ఆ తానును వాపసు చేసి కూలి కోసేవాళ్ళు.

మా సొసైటీ కూడా ఒకప్పుడు ఎగుమతి లుంగీలు నేసింది. ఒక ఏడు వానాకాలంలో పంపిన సరుకు రేవు దగ్గర గోదాములో నానిందని, డబ్బులో కోత వేసినారు. నాన్చింది ఎవరో తేలలేదు, కోత మాత్రం మగ్గం మీద పడింది. ఆ కాగితం ఇంకా ఫైల్లో ఉంది. తడి ఎక్కడ తగిలినా లెక్క నేతగాడి పేరునే రాసే అలవాటు కోట కాలం నుంచి వచ్చిందేమో అని నా అనుమానం.

పడవ మీద సరుకు దాటించే పద్ధతి కళ్ళారా చూడాలంటే ఇప్పటికీ కాకినాడలో చూడవచ్చు. అక్కడ లోతు నీళ్ళ రేవు 1997లో వచ్చినా, పాత లంగరు రేవు కూడా నడుస్తూనే ఉంది. కాలువ ఒడ్డున బార్జీల్లో బియ్యం మూటలు నింపుకుని, సముద్రంలో నిలిచిన ఓడ దగ్గరకు పోయి ఎక్కిస్తారు. హోప్ ఐలాండ్ అని పొడుగాటి ఇసుక దీవి గాలికి అడ్డం ఉంది గనుక అక్కడ పని సాగుతుంది. మద్రాసుకు లేనిది అదే. యానాం నుంచి కాకినాడ దగ్గరే, అక్కడి మన సభ్యులు పిల్లల్ని తీసుకుపోయి చూపించవచ్చు.

ఒక విన్నపం. మన ఇళ్ళలో అటకల మీద పాత ఎగుమతి గుడ్డల లేబుళ్ళు, బేలు మీద కొట్టే చాపులు, షావుకారు చిట్టాలు, రుమాలు నమూనా ముక్కలు ఇంకా ఉన్నాయి. మా పేటలోనే నాకు తెలిసి మూడు ఇళ్ళలో ఉన్నాయి. వాటిని పాత సామాన్లవాడికి వేయకండి. ఫోనులో ఫోటో తీసి, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు నేసినారు అన్నది తెలిసినంత రాసి సమాఖ్య ఆఫీసుకు పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. అసలు వస్తువు మీ దగ్గరే ఉండనీయండి.